నాలుగేళ్ల పాపకు పులికాట్ పక్షుల పుట్టినరోజు: సలహాలు కావాలి

మాగుంట లేఅవుట్ అమ్మ (డిసెంబరు 7)

అందరికీ నమస్కారం. మేము నెల్లూరులో ఉంటున్నాము. జనవరిలో, సంక్రాంతి దాటిన వారంలో, మా అమ్మాయికి నాలుగేళ్లు నిండుతాయి. పోయిన శీతాకాలంలో సూళ్లూరుపేటలో ఉన్న మా పిన్ని ఇంటికి వెళ్లినప్పుడు, శ్రీహరికోట రోడ్డు మీద బండి ఆపి పులికాట్ సరస్సులో నిలబడిన ఫ్లెమింగోలను చూపించాము. ఆ రోజు నుంచి పాప పళ్లు తోముకునేటప్పుడు కూడా ఒంటికాలి మీదే నిలబడుతోంది. పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే "గులాబీ కొంగలు రావాలి" అన్నది. కాబట్టి థీమ్ ఏమిటన్న ప్రశ్న మాకు లేదు, దాన్ని ఎలా నడపాలన్నదే ప్రశ్న.

మా అత్తగారు, మా పెద్ద వదినగారు కల్యాణ మండపం తీసుకుని నూటయాభై మందిని పిలుద్దామంటున్నారు. అలంకరణ చేసే ఒకరిని అడిగితే గులాబీ బెలూన్ల తోరణం, థర్మోకోల్‌తో పాప పేరు, కేకు కోసేటప్పుడు పొగ, పక్షి వేషం వేసిన మనిషి, అన్నీ కలిపి ముప్పై ఎనిమిది వేలు చెప్పారు. భోజనాలు వేరు. మేము మొత్తం మీద ముప్పై వేలు దాటకూడదనుకున్నాము. మా అపార్ట్‌మెంటుకు మంచి మిద్దె ఉంది, అక్కడ పన్నెండు పదిహేను మంది పిల్లలతో జరపాలని నా ఆలోచన. కానీ మిద్దె మీద ఆ వయసు పిల్లలతో రెండు గంటలు ఏం చేయించాలో నాకు తోచడం లేదు. చేసి చూసినవారు చెప్పగలరా?

సూళ్లూరుపేట వాసి

అమ్మా, మీ పాప మా సరస్సును గుర్తు పెట్టుకున్నందుకు చాలా సంతోషం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మా ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ, మేము ఇప్పటికీ మాటల్లో నెల్లూరు వాళ్లమే. మీరు అలంకరణ మొదలుపెట్టకముందే పక్షి గురించి నాలుగు విషయాలు చెబుతాను. బజారులో దొరికే గులాబీ పక్షి బొమ్మలన్నీ కొబ్బరిచెట్టు పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఉంటాయి, వాటికీ మన పులికాట్‌కూ సంబంధం లేదు.

ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షుల కాలం. అటకానితిప్ప దగ్గర రోడ్డు మీద నిలబడితే రెండు వైపులా కనిపిస్తాయి. ఫ్లెమింగో తల తలకిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని ముక్కుతో వడగట్టి, అందులోని సన్నని నాచును, చిన్న చిన్న రొయ్యజాతి పురుగులను తింటుంది. ఆ తిండిలో ఉన్న రంగే దాని ఈకలకు పడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల గులాబీ రంగులో ఉండనే ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. తిని తిని, రెండు మూడేళ్లకు గులాబీ అవుతుంది. ఇంకొక మాట: దాని కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. బొమ్మ గీసేవారికి ఇది చెప్పండి.

పత్రికల్లో దీన్ని రాజహంస అని రాస్తుంటారు. కావ్యాల్లోని రాజహంస వేరు, ఇది వేరు. పాపకు ఫ్లెమింగో అనే నేర్పండి. మా ఊళ్లో జనవరి ప్రాంతంలో జరిగే పండుగకు కూడా ఆ పేరే ఉంది. వీలైతే దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రం కూడా చూపించండి. అక్కడ గూడబాతులు, అంటే ముక్కు కింద సంచి ఉండే పెలికన్లు, చెరువు నీటిలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతూ కనిపిస్తాయి.

కందుకూరు తాతయ్య

పుట్టినరోజు అంటే మన ఇళ్లలో ఉదయం జరిగేది. నక్షత్రం వచ్చిన రోజు చూసుకుని, తలంటు పోసి, కొత్తబట్ట కట్టి, దీపం ముందు కూర్చోబెట్టి పెద్దలు అక్షింతలు వేసేవారు, పాయసం పెట్టేవారు. తేదీ ప్రకారం సాయంకాలం చేసేది తరువాత వచ్చింది. నేను దాన్ని తప్పుపట్టను, నా మనవళ్లకు రెండూ చేశాము. ఒక్క మనవి ఉన్నది: కేకు మీద కొవ్వొత్తి ఊది ఆర్పేముందు, పాప చేత ఒక దీపం వెలిగించండి. మీ అత్తగారికి కూడా ఇది తృప్తిగా ఉంటుంది. నూటయాభై మంది సంగతిలో ఆవిడ పట్టు సగం ఇక్కడే సడలవచ్చును.

పొదలకూరు రోడ్డు నాన్న

ఈ చర్చలో బెలూన్ల మాట వచ్చింది కాబట్టి మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా బాబు మూడో పుట్టినరోజుకు పైకి ఎగిరే గ్యాసు బెలూన్లు ఇరవై తెప్పించి, గుత్తిగా కట్టి, కేకు బల్లకు ఇటు పక్క కట్టాము. కొవ్వొత్తులు వెలిగించిన రెండు నిమిషాలకు ఫ్యాను గాలికి గుత్తి వంగింది. శబ్దం కంటే ముందు వెలుగు కనిపించింది. క్షణంలో అంతా అయిపోయింది. మా తమ్ముడి కనుబొమలు, ముందరి జుట్టు కాలాయి. బాబు అప్పుడే అమ్మ చంక ఎక్కి ఉన్నాడు కాబట్టి అతనికి ఏమీ కాలేదు. ఆ తరువాత ఏడాది దాకా బెలూను చూస్తే ఏడ్చేవాడు.

తరువాత తెలుసుకున్నది ఏమంటే, బెలూను పైకి లేవడానికి హీలియం వాడవచ్చు, హైడ్రోజన్ కూడా వాడవచ్చు. హీలియం అంటుకోదు, కానీ ఖరీదు. హైడ్రోజన్ చవక, కాస్టిక్ సోడాలో అల్యూమినియం ముక్కలు వేసి కూడా దాన్ని పుట్టిస్తారు, నిప్పు సోకితే భగ్గుమంటుంది. బెలూన్ల మనిషి "గ్యాసు" అని మాత్రమే చెబుతాడు. చూసి తేడా కనిపెట్టే ఉపాయం మనకు లేదు. అందుకని నోటితోనో, చేతి పంపుతోనో ఊదిన మామూలు గాలి బెలూన్లు తప్ప మరొకటి ఇంట్లోకి రానివ్వకండి. కేకు కోసేటప్పుడు చల్లుకునే మంచు నురగ డబ్బాలు కూడా అంతే. వాటిలో నురగను బయటికి నెట్టే వాయువు చాలా రకాల్లో మన వంటగ్యాసు జాతిదే. వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి దాన్ని కొట్టడం ఏమిటో నాకు అర్థం కాదు. చుట్టూ నైలాన్ గౌన్లు వేసుకున్న పిల్లలుంటారు.

అలంకరణ పని, నెల్లూరు

నేను పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పై పెద్దమనిషి చెప్పింది నిజం, అయితే అందరినీ ఒకే గాటన కట్టవద్దని మనవి. మేము గ్యాసు బెలూన్లు మానేశాము. మాగుంట లేఅవుట్ అమ్మగారికి ఎవరు చెప్పారో గానీ, థర్మోకోల్ అలంకరణ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు కూడా ఆ పట్టికలోనే ఉన్నాయి. ఇంకా అమ్ముతున్నారు, ఇంకా వాడుతున్నారు, అది వేరే సంగతి.

మీ బడ్జెటుకు నేను చెప్పేది ఇది: అలంకరణకు మనిషిని పెట్టుకోకండి, సామాను మాత్రం అద్దెకు తీసుకోండి. ఎనిమిదడుగుల ఇనుప చట్రం, దాని మీదికి లేత నీలం గుడ్డ ఒకటి, నేల మీదికి రెండు జంబుఖానాలు, చిన్నపిల్లల కుర్చీలు పదిహేను. ఆ నీలం గుడ్డే సరస్సు. దాని ముందు అట్టతో పక్షిని కోసి నిలబెట్టండి. మిద్దె మీద గాలి ఎక్కువ, కాబట్టి చట్రం కాళ్లకు ఇసుక బస్తాలు తప్పకుండా కట్టండి. పడితే పిల్లల మీదే పడుతుంది. బెలూన్ల తోరణం ఎండలో పెడితే గంటకు సగం పగిలిపోతుంది, నీడ పడ్డాక కట్టుకోండి. పగిలిన రబ్బరు ముక్కలను అప్పటికప్పుడు ఏరించండి, పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది.

ఒంగోలు పంతులమ్మ

నేను ఇరవై రెండేళ్లుగా ఎల్.కె.జి., యు.కె.జి. పిల్లలకు పాఠం చెబుతున్నాను, వారి పుట్టినరోజులకు వందల సార్లు వెళ్లాను. చాలా చోట్ల థీమ్ అనేది గోడకే ఉంటుంది. పిల్లలు గోడకు వీపు పెట్టి ఫొటో దిగుతారు, తరువాత వారికి పనేమీ ఉండదు, కుర్చీల కింద దూరి పరుగెత్తుతారు, పెద్దలు అరుస్తారు, కేకు వచ్చే వేళకు పుట్టినరోజు పిల్ల నిద్రలో ఉంటుంది. నాలుగేళ్ల పిల్లకు థీమ్ అంటే చూసేది కాదు, అయ్యేది. పాప గులాబీ కొంగలు రావాలని అన్నదంటే, తాను కొంగ కావాలనే అర్థం. ఒంటికాలి మీద నిలబడుతోందని మీరే రాశారు.

సూళ్లూరుపేట వారు చెప్పిన బూడిదరంగు పిల్ల మాట నాకు ఎంతో నచ్చింది. దాని మీదే సాయంకాలమంతా నడపవచ్చు. వచ్చిన ప్రతి పిల్లకు గుమ్మం దగ్గర బూడిదరంగు అట్టతో చేసిన తలపట్టీ కట్టండి. అందరూ ఇప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లలు. ఒక్కొక్క ఆట ఆడినప్పుడు, ఒక్కొక్క పదార్థం తిన్నప్పుడు, ఒక గులాబీ కాగితపు ఈక ఆ పట్టీకి అంటించండి. ఇంటికి వెళ్లే వేళకు పట్టీ గులాబీ రంగుతో నిండిపోవాలి. గెలుపు ఓటములు పెట్టకండి. ఈ వయసులో ఓడిన పిల్ల ఏడుస్తుంది, గెలిచిన పిల్లకు ఎందుకు గెలిచానో తెలియదు.

ఆటలు మూడు చాలు. మొదటిది ఒంటికాలి ఆట. నాలుగేళ్ల పిల్లలు సాధారణంగా అయిదారు క్షణాలు నిలబడగలరు, అయిదేళ్లవారు పది దాకా వెళతారు, కాబట్టి పెద్దపిల్లలతో పోల్చకుండా ఎవరి లెక్క వారికి పెట్టండి. పెద్దలను కూడా నిలబెట్టండి, తాతయ్యలు తూలితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. రెండోది వడపోత. వెడల్పాటి తొట్టిలో జానెడు నీళ్లు పోసి, సంక్రాంతికి గొబ్బెమ్మల కోసం తెచ్చిన బంతిపూల రేకలు మిగిలితే అవి చల్లి, పిల్లల చేతికి టీ వడకట్టు ఇవ్వండి. ఫ్లెమింగో ముక్కు చేసే పని ఇదేనని చెప్పండి. నీటిలో ఉబ్బే రంగు గోళీలు వేయకండి, అవి మింగితే కడుపులో కూడా ఉబ్బుతాయి. జానెడు నీళ్లే కదా అని తొట్టి దగ్గర మనిషి లేకుండా ఉంచవద్దు, చిన్నపిల్ల మునగడానికి ఆ మాత్రం చాలు. ఆట అయిన వెంటనే తొట్టి బోర్లించండి. మూడోది గూడబాతు సంచి. పాత దిండు గలీబును గడ్డం కింద పట్టుకుని, ఎదుటివారు విసిరే కాగితపు చేపలను అందులో పట్టుకోవాలి. ఇది కొంచెం గోలగా ఉంటుంది, అందుకని చివర పెట్టుకోండి.

సమయం నాలుగు నుంచి ఆరు దాకా. మధ్యాహ్నం నిద్ర లేచి వస్తారు. జనవరిలో ఆరు గంటలకల్లా పొద్దు గూకుతుంది, ఆపైన నెల్లూరు దోమలు మీకు నేను చెప్పనక్కరలేదు. ప్రతి నలుగురు అయిదుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు.

పక్షి వేషం వేసిన మనిషిని మాత్రం పిలవకండి. దూరాన సరస్సులో ఉన్న పక్షి అంటే ఇష్టమున్న పిల్ల, ఆరడుగుల బొచ్చు పక్షి మీదికి వస్తే బెదిరిపోతుంది.

మాగుంట లేఅవుట్ అమ్మ

పంతులమ్మగారూ, ఈ టపా చదివాక నాకు గుండె కుదుటపడింది. తలపట్టీలు ఈ వారమే మొదలుపెడతాను. అలంకరణ అన్నగారికి కూడా కృతజ్ఞతలు, చట్రం అద్దెకు మాట్లాడుకుంటాము. మిగిలిన చిక్కు ఒక్కటే. మా అత్తగారు "అందరి ఇళ్లలో తిని వచ్చాము, మన ఇంట్లో పెట్టకపోతే ఎట్లా" అంటున్నారు. ఆవిడ మాటలో న్యాయం లేదని నేను అనలేను.

కావలి పెద్దక్క

అమ్మాయీ, న్యాయం ఉన్నది కాబట్టే దాన్ని పాప నెత్తిన పెట్టవద్దు. బాకీ మీది, పుట్టినరోజు దానిది. మరుసటి ఆదివారం ముఖ్యమైన బంధువులను నలభై మందిని ఇంటికి పిలిచి, అరిటాకులో భోజనం పెట్టి, పాప చేత అందరికీ దండం పెట్టించండి. నూటయాభై మందిలో వంద మంది ఎవరి పిల్ల పుట్టినరోజో కూడా తెలియకుండా తిని వెళ్లేవారే. నా ఇద్దరు పిల్లలకు మండపాల్లో చేశాను. ఆ ఆల్బములు తెరిస్తే ప్రతి ఫొటోలోనూ పిల్ల ఏడుపు ముఖంతో ఉన్నది, మేము మాత్రం పట్టుచీరల్లో బాగున్నాము.

వేదాయపాళెం వంటిల్లు

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను మొదలుపెడతాను. గులాబీ థీమ్ అనగానే అందరూ గులాబీ పీచు మిఠాయి బండిని పిలుస్తారు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడులో పీచు మిఠాయిని పరీక్షిస్తే రోడమైన్-బి అనే బట్టల రంగు బయటపడి, ప్రభుత్వం అమ్మకాలను నిషేధించింది. మన బండ్ల మీద ఉన్న రంగు ఏమిటో మనకు ఎవరు చెబుతారు? రంగు కావాలంటే బీట్‌రూటు ఉన్నది. తురిమి, పిండి, రసాన్ని ఇడ్లీ పిండిలో కలిపితే చిన్న ఇడ్లీలు లేత గులాబీగా వస్తాయి. అయితే ఎక్కువ సేపు ఉడికితే రంగు వెలిసి మట్టిరంగుకు తిరుగుతుంది, కాబట్టి రసాన్ని ఆవిరికి పెట్టేముందే కలపండి, ఆవిరి పది నిమిషాలు మించనివ్వకండి. కేకు పైపూతకు కూడా బీట్‌రూటు రసం నాలుగు చుక్కలు వేస్తే సరిపోతుంది, వాసన తెలియదు.

పక్షికి రంగునిచ్చే పదార్థం క్యారెట్టుకు రంగునిచ్చే పదార్థానికి చుట్టమే. అందుకని క్యారెట్టు హల్వా పెట్టి, "ఇది తింటే ఒక ఈక" అనండి. తినని పిల్ల కూడా తింటుంది. సంక్రాంతి రోజులు కాబట్టి గెనుసుగడ్డలు బజారు నిండా ఉంటాయి, ఉడికించి ముక్కలు కోసి పెట్టండి. ద్రాక్షపళ్లు పెడితే నిలువునా నాలుగు చీలికలు చేయండి. వేయించిన చెనక్కాయలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్ గోళీలు ఈ వయసు పిల్లల పళ్లేల్లో వద్దు. పరుగెత్తుతూ తింటారు, గొంతులో పడతాయి. పిలిచేటప్పుడే ఏ పిల్లకు ఏది పడదో తల్లులను అడిగి రాసుకోండి. కిలో కేకు పది పన్నెండు ముక్కలకు వస్తుంది, పిల్లలకు అందులో సగం ముక్క చాలు, కాబట్టి రెండు కిలోలు మించనక్కరలేదు. పెద్దలకు మలై కాజా, కారం దోసె పెట్టండి. చేపల పులుసు ఆదివారం భోజనానికి ఉంచుకోండి, ముళ్లతో పిల్లల దగ్గర వద్దు.

పొదిలి రోడ్డు బాటసారి

రిటర్న్ గిఫ్టుల మాట. ప్లాస్టిక్ పెన్సిలు పెట్టెలు ఇంటికి పదేసి చేరాయి. మార్కాపురం పలక ఒకటి, బలపాలు నాలుగు ఇవ్వండి. ఒకప్పుడు ఊరూరా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు అక్కడివే. కొయ్య చట్రం ఉన్న చిన్న సైజు తీసుకోండి, చట్రం లేని రాతి పలక కాలి మీద పడితే దెబ్బ తగులుతుంది. పలక మూలన తెల్ల రంగుతో ఫ్లెమింగో గీత గీయించండి, పిల్ల దాన్ని చూసి కింద గీసుకుంటుంది. తల్లులకు ఏమైనా ఇవ్వదలచుకుంటే ఉదయగిరి చెక్క గరిటెలు ఉన్నాయి. చేతితో చెక్కినవి, పిడి మీద చేప, చిలుక లాంటి బొమ్మలు కూడా ఉంటాయి. అడిగితే కొంగ చెక్కుతారేమో ప్రయత్నించండి.

సూళ్లూరుపేట వాసి

ఒక చిన్న చేర్పు. అట్ట పక్షిని అసలు ఎత్తుతో కోయండి. పులికాట్‌కు వచ్చే పెద్ద ఫ్లెమింగో నిలబడితే నాలుగడుగులు దాటుతుంది. నాలుగేళ్ల పిల్ల మూడడుగుల పైచిలుకు ఉంటుంది. దూరం నుంచి పావురమంత కనిపించిన పక్షి తనకంటే పొడుగని అప్పుడు తెలుస్తుంది.

మాగుంట లేఅవుట్ అమ్మ (జనవరి చివర)

అందరికీ మళ్లీ నమస్కారం. పుట్టినరోజు జరిగింది. ఇంతమంది శ్రద్ధగా చెప్పినందుకు, జరిగింది జరిగినట్టు రాయడం నా బాధ్యత.

పద్నాలుగు మందిని పిలిస్తే, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లతో కలిపి పంతొమ్మిది మంది వచ్చారు. ఇరవై రెండు తలపట్టీలు చేసి ఉంచడం మంచిదయింది. ఈకలను జిగురుతో అంటించాలన్నది మాత్రం నా తెలివితక్కువతనం. చేతులన్నీ జిగురయ్యాయి, అరగంటకు మా వదినగారు స్టేప్లర్ తెచ్చి పట్టీలు తీసి కుట్టడం మొదలుపెట్టారు. రెండువైపులా అంటుకునే టేపు ముందే అంటించి ఉంచుకుని ఉండవలసింది. ఒక బాబు బూడిదరంగు పట్టీ కట్టుకోనన్నాడు, ముందే గులాబీ కావాలని కూర్చుండిపోయాడు. మా మామగారు ఆ బూడిదరంగు పట్టీ తాను కట్టుకుని "నాకు ఒక్క ఈక కూడా లేదే" అని అతని ముందు దిగులుగా కూర్చున్నాక, ఆ బాబు లేచి, ఆట ఆడి, తాను తెచ్చుకున్న మొదటి ఈక ఆయనకే ఇచ్చాడు.

వడపోత ఆట నేననుకున్న పది నిమిషాలకు బదులు నలభై నిమిషాలు సాగింది. వడకట్టులో రేక పడగానే దాన్ని పైకెత్తి, నీళ్లు కారిపోయేదాకా నోరు తెరిచి చూసేవారు, మళ్లీ తొట్టిలో బోర్లించేవారు. ఒక పాప తొట్టిలోనే కూర్చుంది, బట్టలు మార్చవలసి వచ్చింది. మా మరిది ఆసాంతం తొట్టి పక్క నుంచి కదలలేదు. గూడబాతు సంచి ఆట రెండు నిమిషాలకే గలీబుల కొట్లాటగా మారింది, ఆపేశాము. చట్రానికి ఇసుక బస్తాలు కట్టాము కాబట్టి నిలబడింది గానీ, దారానికి వేలాడదీసిన కాగితపు పక్షులు గాలికి తెగి పక్క మిద్దెల మీద వాలాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు, అది కూడా ఏర్పాటులో భాగమే అనుకున్నారు.

ఆరింటికి పది నిమిషాల ముందు పాప దీపం వెలిగించింది. తాతయ్యగారూ, మీరు చెప్పినట్టే మా అత్తగారు ఆ మాటకు కరిగారు. పూజగదిలోని చిన్న ఇత్తడి కుందె ఆవిడే తెచ్చారు. భోగిపళ్ల నాడు మిగిలిన రేగిపళ్లు కూడా పోద్దామన్నారు గానీ, చిల్లర నాణేలు, పళ్లు నోట్లో పెట్టుకుంటారని చెబితే ఒప్పుకుని పూలరేకలతోనే దిష్టి తీశారు. బీట్‌రూటు ఇడ్లీలు ఒక్కటి మిగలలేదు. క్యారెట్టు హల్వా ఈకల ఆశతో తిన్నవారు కొందరు, ఈకలు తీసుకుని హల్వా మెల్లగా తల్లుల చేతిలో పెట్టినవారు కొందరు.

ఖర్చు పిల్లల సాయంకాలానికి పదహారు వేల దాకా అయింది. ఆదివారం నలభై మూడు మందికి భోజనం పదమూడు వేలయింది. అంటే ముప్పైకి లోపే. మండపం అనుకున్న వదినగారు మిద్దె శుభ్రం చేస్తూ, వచ్చే జూన్‌లో తమ అబ్బాయికి గిత్త థీమ్ చేద్దామని అన్నారు. ఒంగోలు వారు అప్పటికి సిద్ధంగా ఉండగలరు.

ఒంగోలు పంతులమ్మ

గిత్తకు సిద్ధమే. మూపురం దిండుతో చేయవచ్చు, గంటలు, పూసల పట్టెడ పిల్లలే గుచ్చుకుంటారు. కానీ జూన్ ఎండలకు మిద్దె పనికిరాదు, ఆవిడకు ఇప్పుడే చెప్పండి. ఇంతకీ అట్ట పక్షి ఏమయింది?

మాగుంట లేఅవుట్ అమ్మ

ఫ్రిజ్ వచ్చిన పెట్టెతో నాలుగున్నర అడుగుల పక్షిని చేశాము. ఇప్పుడు అది హాల్లో తలుపు పక్కన నిలబడి ఉంది. పాప తల దాని మెడ మొదలు దగ్గరికి వస్తోంది, అక్కడ పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాశాము. ఆదివారం భోజనానికి వచ్చిన చుట్టాల్లో ఒకరు "పాపం, మోకాలు వెనక్కి తిరిగినట్టు గీశారే" అన్నారు. వడ్డిస్తున్న మా అత్తగారు గరిటె ఆపి, "మోకాలు కాదమ్మా, అది మడమ" అన్నారు.